బెర్రీ పండ్ల సేంద్రియ సాగు: దేశదేశముల పోకడలు, మన మన్యపు పంచాయతీలు

విశాఖ మన్యమని తరతరములుగా మనము పిలుచుచు వచ్చిన కొండసీమ 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లాగా వేరుపడినది. పాడేరు దానికి ముఖ్యపట్టణము. కాని పటము మీద గీత మారినంత మాత్రమున అంగడి మారదు. ఆ కొండల మీద పండినది దిగివచ్చి అమ్ముడగుటకు విశాఖపట్టణమే నేటికిని పెద్ద దిక్కు. 1933లో ఓడరేవు తెరువబడిన నాటి నుండియు, ఆ పిమ్మట ఉక్కు కర్మాగారము వెలసిన నాటి నుండియు నెలజీతము గల కుటుంబములు పెద్ద సంఖ్యలో ఆ నగరమున స్థిరపడినవి. వారి పండ్ల బుట్టలో నిన్నటి వరకు అరటి, జామ, సీతాఫలము, సింహాచలము కొండ అనాస ఉండెడివి. నేడు వాని ప్రక్కన లంబసింగి స్ట్రాబెర్రీ పెట్టె చేరినది. పెద్ద దుకాణములలో విదేశముల నుండి వచ్చిన బ్లూబెర్రీ డబ్బాయు కనబడుచున్నది. 2023లో మన ప్రభుత్వము అమెరికా బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ పండ్లపై దిగుమతి సుంకమును తగ్గించుటకు అంగీకరించిన తరువాత ఈ రాక ఇంకను సులభమైనది.

ఈ పండ్లను రసాయన మందులు లేకుండ పండించి, సేంద్రియమను పేరుతో ఎక్కువ ధరకు అమ్ముకొనవలెనను కోరిక ప్రపంచములో అనేక దేశముల రైతులకు కలిగినది. మన కొండలలోను కలిగినది. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. మెత్తని పండ్ల విషయమున సేంద్రియ సాగు ఒక రైతు తన గట్ల నడుమ ఒంటరిగా సాధించుకొనగల పని కాదు. అది ఊరంతయు కూడి చేయవలసిన పని. అందుచేతనే దీనిని రైతులకు మాత్రమే విడువక పంచాయతీ సభ్యుల ముందు పెట్టుచున్నాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. శాస్త్రజ్ఞుల లెక్క వేరు, అంగడి లెక్క వేరు. వృక్షశాస్త్రము ప్రకారము ద్రాక్ష, టమాటా, వంకాయ, మిరపకాయ, తుదకు అరటిపండు కూడ బెర్రీలే. స్ట్రాబెర్రీ మాత్రము బెర్రీ కాదు. మనము తినెడు ఎర్రని కండ పువ్వు అడుగున నుండు పీట ఉబ్బగా ఏర్పడినది. దానిపై గింజలవలె అంటియుండునవే అసలు కాయలు. కాఫీ పండు శాస్త్రరీత్యా టెంకపండు. అయినను మన దేశపు తోటలలో దానిని బెర్రీ యనుటయే వాడుక. ఈ తగవులోనికి మేము దిగము. అంగడియు తోటయు బెర్రీ యని పిలుచు వానినే మేమును అట్లే పిలిచెదము.

ఒకే మండలము, రెండు పండ్లు

చింతపల్లి మండలములో లంబసింగి ఉన్నది. చలికాలమున ఉష్ణోగ్రత సున్నకు చేరువగా దిగు ఊరుగా దానికి పేరు వచ్చినది. వానలు వెనుకపట్టిన తరువాత మహారాష్ట్రము నుండి స్ట్రాబెర్రీ మొక్కలు తెప్పించి, ఎత్తు బోదెలపై నాటి, బిందు సేద్యముతో పెంచుచున్నారు. చలి ముదిరిన నెలలలో కాపు వచ్చును. ఆ నెలలలోనే మంచు చూచుటకు యాత్రికులు కూడ వత్తురు గనుక పండులో చాల భాగము తోట గట్టుననే అమ్ముడగుచున్నది.

అదే మండలములో గొందిపాకలు ఉన్నది. అచ్చటను, చుట్టుప్రక్కల పంచాయతీలలోను గిరిజన రైతులు నీడచెట్ల క్రింద కాఫీని, ఆ చెట్లకు ప్రాకించి మిరియములను పండించుచున్నారు. విశాఖపట్టణము ముఖ్యస్థానముగా 1956 నుండి పనిచేయుచున్న గిరిజన సహకార సంస్థ కొన్ని సంవత్సరముల కృషి మీదట ఈ రైతులకు సేంద్రియ ధ్రువపత్రమును సంపాదించినది. అంతకు ముందే అరకులోయ కాఫీ ఈ దారిన నడచినది. చిన్నచిన్న కమతముల గిరిజన రైతులు సహకార సంఘముగా కూడి సేంద్రియముగా పండించిన ఆ కాఫీకి 2017లో పారిస్ నగరమున దుకాణము తెరువబడినది. 2018లో అచ్చటనే బంగారు పతకము లభించినది. 2019లో అరకులోయ అరాబికా యను పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చినది.

ఒకే మండలము, ఒకే చలి, దాదాపు ఒకే విధమైన రైతులు. కాని కాఫీ రైతు మాట కాగితముపైకి ఎక్కి సముద్రములు దాటగలదు. స్ట్రాబెర్రీ రైతు మాట అతని గొంతు వినబడునంత దూరమే పోగలదు. రైతు అబద్ధమాడునని మా భావము కాదు. మందు కొట్టకుండుట ఒక పని, కొట్టలేదని ఎరుగని వానికి నమ్మకము కలిగించుట మరియొక పని యని మాత్రమే చెప్పుచున్నాము.

చట్టము కూడ ఈ తేడాను పాటించుచున్నది. 2017లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ చేసిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారము చిన్న ఉత్పత్తిదారుడు తన పంటను నేరుగా తినువానికి అమ్ముకొనినచో ధ్రువపత్రము నుండి మినహాయింపు కలదు. కాని అట్టివాడు జైవిక్ భారత్ గుర్తును వాడరాదు. పెట్టె కొండ దిగి, నగరపు దుకాణమునకు చేరి, సేంద్రియమను పేరుతో అమ్ముడు కావలెనన్న పత్రము కావలెను. అనగా గట్టు మీద అమ్మినంత కాలము పత్రము అక్కరలేదు. యాత్రికులు రాని వారమున, కాపు విరుచుకుపడిన వారమున దాని అవసరము తెలియును. స్ట్రాబెర్రీ మామూలు గాలిలో రెండు మూడు దినములకు మించి నిలువదు. విశాఖపట్టణము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆ దినమున కొనువాడు ఎవడో ముందే ఎరిగియుండవలెను.

పత్రమునకు కాలమును పట్టును. మన జాతీయ కార్యక్రమము ప్రకారము ఏడాది పంటలకు విత్తుటకు ముందు రెండు సంవత్సరములు, కాఫీ వంటి బహువార్షిక పంటలకు కోతకు ముందు మూడు సంవత్సరములు నిషిద్ధ వస్తువులు వాడకుండ ఉండవలెను. ఐరోపా నియమమును ఇంచుమించు ఇట్లే ఉన్నది. అమెరికాలో ఏ పంటకైనను మూడు సంవత్సరములే. ఈ నడిమి కాలమే రైతునకు గడ్డుకాలము. దిగుబడి తగ్గవచ్చును, ధర ఇంకను పెరగదు. ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగింపవలసియున్నది. మన రాష్ట్రములో 2016 నుండి రైతు సాధికార సంస్థ నడుపుచున్న సామాజిక ప్రకృతి వ్యవసాయము ప్రపంచ ఖ్యాతి గడించినది; 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగస్వామి అయినది. ఆ పద్ధతిలో జీవామృతము, నీమాస్త్రము వాడుచున్న రైతు ఎంతో మేలు చేయుచున్నాడు. కాని దానితోడనే సేంద్రియ ధ్రువపత్రము తనంతట వచ్చి ఒడిలో పడదు. దానికి వేరుగా నమోదు కావలెను, పుస్తకము వ్రాయవలెను, తనిఖీకి నిలువవలెను.

తవుడు తిన్న నేల

స్ట్రాబెర్రీకి పెద్ద శత్రువు ఆకు మీద కాదు, నేలలో ఉండును. ఒకే నేలలో ఏటేట నాటినచో వేరును కుళ్లించి మొక్కను వడలించు బూజు తెగుళ్లు పెరిగిపోవును. అమెరికాలో ఈ పండుకు పెట్టిన పేరైన కాలిఫోర్నియా రాష్ట్రములో దీనికి చేసిన చికిత్స మిథైల్ బ్రోమైడ్ అను విషవాయువు. నేలపై ప్లాస్టిక్ కప్పి లోనికి వాయువును ఎక్కించెడివారు. మంచిదియు చెడ్డదియు అను భేదము లేక నేలలోని జీవమంతయు నశించెడిది. ఆకాశమున ఓజోను పొరకు ఆ వాయువు హాని చేయునని తేలిన తరువాత, మాంట్రియల్ ఒప్పందము క్రింద ధనిక దేశములు దానిని 2005 నాటికి మానవలసివచ్చినది. అయినను కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ రైతులు ప్రత్యేక మినహాయింపుతో 2016 వరకు వాడుకొనిరి. మానుట అంత కష్టమైనదన్నమాట.

అట్టి రాష్ట్రములోనే సముద్రపుటొడ్డున స్వాంటన్ అను తోటవారు 1987 నాటికే స్ట్రాబెర్రీకి సేంద్రియ ధ్రువపత్రము పొందిరి. వారి మార్గము పంట మార్పిడి. స్ట్రాబెర్రీ తీసిన నేలలో క్యాబేజీ జాతికి చెందిన బ్రాకలీ వంటి కూరలు వేయుట వలన తెగులు తగ్గెను. 1998లో ఆ తోట కూలీల సంఘముతో ఒడంబడిక కూడ చేసికొనినది. పండుతో పాటు పండు కోసిన చేతిని గూర్చి కూడ ఆలోచించుట మెచ్చదగిన సంగతి.

ఇటీవల అచ్చట వ్యాపించిన మరియొక పద్ధతి మన రైతుకు విని ఆశ్చర్యము కలిగించును. నేలలో వరి తవుడు కలిపి, బాగుగా తడిపి, గాలి చొరకుండ ప్లాస్టిక్ పరచి కొన్ని వారములు ఉంచుదురు. తవుడును తిను సూక్ష్మజీవులు నేలలోని ప్రాణవాయువును ఖర్చు చేసివేయును. ఊపిరాడక తెగులు బూజు చచ్చును. జపాను, నెదర్లాండ్సు దేశములలో మొదలైన ఉపాయమిది. మన గేదెల కుడితిలో పడెడు తవుడును వారు ఎకరమునకు టన్నుల లెక్కన నేలకు మేపుచున్నారు. మన ధరలకు ఇది గిట్టునని మేము చెప్పము. పంట మార్పిడి మాత్రము చేతిలోని పని. చోడి, వలిసె, రాజ్‌మా ఈ మన్యమున పండునవే. వానిని స్ట్రాబెర్రీ నేలలో మార్చి మార్చి వేయవచ్చును. బంగాళాదుంప, టమాటా, వంగ, మిరప మాత్రము వేయరాదు. స్ట్రాబెర్రీకి వచ్చు వడలు తెగులు వానికిని వచ్చును గనుక శత్రువునకు అన్నము పెట్టినట్లగును.

మొక్క ఎచ్చటి నుండి వచ్చుననునది ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న. అమెరికాలో సేంద్రియ తోటలవారు కూడ చాలవరకు మందులు వేసి పెంచిన నర్సరీ మొక్కలనే నాటుచున్నారు, సేంద్రియ మొక్క దొరకక పోవుటయే కారణము. దొరకనప్పుడు అట్లు నాటుటకు అచ్చటి నియమము అనుమతించుచున్నది. మన లంబసింగికి దూరదేశము నుండి వచ్చు మొక్క వేరులో తెగులును మోసికొని రావచ్చును. మొక్కకు తీగవలె సాగు పిలకలను పట్టి స్థానికముగా నారు పెంచుటకు నలుగురైదుగురు రైతులు కూడినచో ఖర్చు తగ్గును, బెంగయు తగ్గును. చింతపల్లిలో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ పరిశోధనా స్థానము ఉన్నది. నారుమడిని గూర్చి సలహా అడుగుటకు అంతకంటె దగ్గరి గుమ్మము లేదు.

తోటలో మిగిలిన పండు

పొరుగువాని తోట మన తోటను ఎట్లు చెరచునో రెండు పురుగుల కథ స్పష్టముగా చెప్పును.

మొదటిది ఒక చిన్న ఈగ. దాని మగదాని రెక్కలపై నల్లని చుక్క ఉండును. ఆసియా ఖండమున పుట్టిన ఈ ఈగ 2008లో కాలిఫోర్నియాలోను, అదే ఏట దక్షిణ ఐరోపాలోను కనబడినది. మామూలు పండు ఈగ కుళ్లిన పండుపై వాలును. ఇది అట్లు కాదు. రంపమువంటి ముల్లుతో, అప్పుడే రంగు తిరుగుచున్న మంచి పండును కోసి లోపల గ్రుడ్డు పెట్టును. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లూబెర్రీ, చెర్రీ ఏవియు దీనికి తప్పలేదు. రసాయనములు వాడువారు పిచికారీలు పెంచిరి. సేంద్రియ రైతులకు ఆ దారి లేదు. వారికి అనుమతి గల మందులు కొన్ని ఉన్నను వానిపైననే ఆధారపడినచో పురుగు అలవాటుపడిపోవును. కనుక సన్నని వలలు కట్టిరి, ఒకటి రెండు దినముల కొకసారి కోయసాగిరి, రాలిన పండును, మిగుల పండిన పండును తోట నుండి ఏరి ఎండలో సంచులలో మూసి పెట్టిరి. అయితే ప్రక్క కంచెలో ఎవరును ఏరని అడవి పండ్లు ఉన్నచో ఈగ అచ్చట పెరిగి మరల వచ్చుచున్నది.

రెండవది మన ఇంటికి వచ్చిన శత్రువు. కాఫీ కాయ తొలుచు పురుగు ఆఫ్రికాకు చెందిన నల్లని చిన్న పెంకుపురుగు, ఆవగింజయంత. ఆడపురుగు కాయ బొడ్డు దగ్గర సూదిబెజ్జము వంటి రంధ్రము చేసి గింజలోనికి చొచ్చి అచ్చటనే సంతానమును పెంచును. భారతదేశమున ఇది 1990లో నీలగిరి కొండలలో మొదట కనబడి, తరువాత వయనాడు, కొడగు తోటలకు ప్రాకినది. మన కొండలు చాలకాలము దీని నుండి తప్పించుకొనినవి. 2025లో అరకులోయ మండలము చినలబుడు పంచాయతీలో ఇది బయటపడినది. పురుగు పట్టిన కాయలను కోయించి నాశనము చేయించుటకును, రైతులకు నష్టపరిహారము ఇచ్చుటకును ప్రభుత్వము పూనుకొనినది.

సేంద్రియ కాఫీకి ఇది పెద్ద పరీక్ష. రసాయన మందు కొట్టినచో ఏండ్ల తరబడి సంపాదించిన పత్రము పోవును. కొట్టినను పురుగు గింజలో దాగియుండును గనుక మందు దానిని చక్కగా అందుకొనలేదు. ఈ పురుగు బలహీనత ఒక్కటే: కాఫీ కాయ లేనిదే అది పెరగదు. కోత ముగిసిన తరువాత చెట్టున మిగిలిన కాయ, నేల రాలిన కాయ, ఇవే దానికి మరుసటి కాపు వరకు తలదాచుకొను ఇండ్లు. ఆ ఇండ్లను తీసివేసినచో అది నిలువలేదు. బవేరియా యను తెల్లని బూజును పిచికారీ చేయుట, సారా వాసనతో ఆకర్షించు బుట్టలు కట్టుట మొదలగు ఉపాయములు సేంద్రియమునకు లోబడినవే. కాని అవి ఏరుడు పనికి తోడే గాని బదులు కావు.

ఇచ్చటనే పంచాయతీ ప్రసక్తి వచ్చుచున్నది. పది మంది రైతులు కాయ కూడ మిగులకుండ ఏరి, పదునొకండవ వాడు తన అర ఎకరమును విడిచినచో ఆ అర ఎకరము ఊరందరికి పురుగును సరఫరా చేయును. ఆ పదునొకండవ వాడు సోమరి కాకపోవచ్చును. విశాఖపట్టణమునకు కూలికి పోయినవాడు కావచ్చును, మూలనున్న వితంతువు కావచ్చును, తోటకు హక్కు తేలక అన్నదమ్ములు తగవులాడుకొనుచున్న భూమి కావచ్చును. ఆ తోటను ఎవరు ఏరవలెను? వ్యవసాయాధికారి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. ఊరు చెప్పగలదు. పురుగు సంచులలో కూడ ప్రయాణము చేయును గనుక ఒక ఊరి కాయను మరియొక ఊరికి మోసికొనిపోవు వర్తకుని గోనెలను గూర్చి కూడ ఊరే కట్టడి చేసికొనవలెను.

సాగు చేయని పండు

ఇంతవరకు నాటి పెంచిన పండ్లను చెప్పితిమి. నాటని పండు కూడ సేంద్రియ పత్రము పొందవచ్చునని చాలమంది ఎరుగరు. ఉత్తర ఐరోపాలో ఫిన్లాండు అను చలిదేశము కలదు. అచ్చటి అడవులలో నీలి బిల్‌బెర్రీ, ఎర్రని లింగన్‌బెర్రీ, పసిమి క్లౌడ్‌బెర్రీ తమంతట కాయును. అడవి ఎవరిదైనను పండు ఏరుకొను హక్కు ప్రతి మనుష్యునకు ఉన్నదని ఆ దేశపు ప్రాచీనాచారము. ఉత్తరమున లాప్‌లాండు ప్రాంతములో లక్షల హెక్టారుల అడవిని, అచ్చట రసాయనములు వేయలేదని ధ్రువపరచి, సేంద్రియ సేకరణ క్షేత్రముగా నమోదు చేసినారు. ఏరినవాడు ఎచ్చట ఏరెనో చెప్పగలిగినచో పండు సేంద్రియమగును.

కాని ఆ దేశము నుండి మరియొక పాఠమును నేర్వవలసియున్నది. ఆ పండ్లను ఏరుటకు థాయిలాండు దేశము నుండి వేసవిలో కూలీలను రప్పించుచు వచ్చిరి. అప్పుచేసి వచ్చిన ఆ కూలీలలో కొందరు మోసపోయి ఉత్తచేతులతో మరలినట్లు కేసులు న్యాయస్థానములకు ఎక్కినవి. పండు మీది గుర్తు మందు లేదని చెప్పును. ఏరినవానికి కూలి ముట్టినదని చెప్పదు.

మన మన్యములో ఉసిరి, నేరేడు, మొర్రి, తునికి, వాక్కాయ ఇట్లే నాటకుండ కాయును. మన జాతీయ కార్యక్రమములోను అడవి సేకరణకు వేరుగా ప్రమాణములు కలవు: సేకరించు ప్రదేశపు హద్దులు తెలిసియుండవలెను, మందుల జాడ ఉండరాదు, చెట్టునకు హాని కలుగరాదు. కాయ కొరకు ఉసిరి కొమ్మను నరకు అలవాటు ఈ మూడవ నియమము దగ్గర చిక్కుకొనును. షెడ్యూలు ప్రాంతములలో చిన్న అటవీ ఫలసాయముపై యాజమాన్యము గ్రామసభదేనని 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము, 2006 నాటి అటవీ హక్కుల చట్టము చెప్పుచున్నవి. ఫిన్లాండులో ఆచారము ఇచ్చిన దానిని మనకు చట్టము ఇచ్చినది. ఈ దారి ఇంకను చాలవరకు త్రొక్కనిదే యుండుట మాకు వింతగా తోచుచున్నది.

పెద్ద తోటల దేశములు

పెరూ దేశపు పేరు ఈ నడుమ తరచుగా వినబడుచున్నది. 2010 నాటికి అచ్చట బ్లూబెర్రీ ఎగుమతి లేదనవచ్చును; నేడు అది ప్రపంచములో మొదటి ఎగుమతిదారు. అండీసు కొండల నీటిని సముద్రతీరపు ఎడారికి మళ్లించి, పెద్ద కంపెనీలు వేల ఎకరములలో నాటినవి. దానిని చూచి మన చిన్న రైతు ఉవ్విళ్లూరుట వ్యర్థము. అక్కడి పెట్టుబడి వేరు, నీరు వేరు. పైగా కుండీలలో, సంచులలో పెంచిన బ్లూబెర్రీని అమెరికా సేంద్రియమని ఒప్పుకొనుచుండగా ఐరోపా ఒప్పుకొనదు; వేరు భూమిలో ఉండవలెనని దాని నియమము.

స్పెయిను దేశమున వెల్వా ప్రాంతము ఐరోపాకంతకు స్ట్రాబెర్రీ పంపును. దాని ప్రక్కనే దొన్యానా యను ప్రసిద్ధమైన పక్షుల చిత్తడినేల కలదు. తోటలకై అనుమతి లేని బావులు త్రవ్వుట వలన ఆ నేల ఎండుచున్నది. ఈ విషయమై 2021లో ఐరోపా న్యాయస్థానము స్పెయినును తప్పుపట్టినది. సేంద్రియ గుర్తు నీటిని కొలువదు. లంబసింగి గెడ్డలలో వేసవి నీరు ఎంతయో, బోదెలకు పోవునది ఎంతయో కొలుచుకొనుట మేలు.

సెర్బియా మనకు కొంత దగ్గర. అరిల్యే పరిసరములలో చిన్న కుటుంబములే రాస్ప్‌బెర్రీ పండించుచున్నవి. ఊరూర శీతల గిడ్డంగులు ఉండుట చేత పండు కుళ్లిపోదు. అయితే గిడ్డంగి ఎవరి చేతిలో ఉన్నదో ధరయు వారి చేతిలోనే యుండును. దాని కొరకు రైతులు వీధికెక్కిన సంవత్సరములు ఉన్నవి.

పత్రము ఎవరి పేర?

చిన్న రైతు ఒక్కడు తనిఖీ ఖర్చును మోయలేడు. అందుకై సంఘ ధ్రువీకరణము వచ్చినది. 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన ఐరోపా నూతన నిబంధన ప్రకారము సంఘములో 2,000 మందికి మించి ఉండరాదు, చిన్న రైతులే ఉండవలెను, సంఘము చట్టరీత్యా నమోదై యుండవలెను. తనిఖీదారులు ఏటేట సభ్యులలో కనీసము నూటికి ఐదుగురి తోటలు మరల చూతురు. ఒక్కని తోటలో నిషిద్ధమైన మందు జాడ కనబడినచో అందరి పత్రమునకు ముప్పు రాగలదు. కాఫీని ఐరోపాకు పంపు మన సంఘములకు ఇది వర్తించును.

దేశములోని అంగడికి ఇంతకంటె తేలికైన మార్గము కలదు. దానిని భాగస్వామ్య హామీ పద్ధతి యందురు; పి.జి.ఎస్. ఇండియా యని వాడుక. ఒకే ఊరివారు గాని ఇరుగుపొరుగు ఊళ్లవారు గాని కనీసము ఐదుగురు రైతులు కూడి ప్రతిజ్ఞ చేసి, ఒకరి తోటను ఒకరు చూచి, ఆ చూచినది వ్రాయుదురు. పరివర్తన కాలములో ఒక గుర్తు, పూర్తియైన తరువాత మరియొక గుర్తు ఇత్తురు. ఈ పత్రముతో విదేశములకు సేంద్రియమని పంపుటకు వీలులేదు. కాని రెండు దినములలో చెడిపోవు స్ట్రాబెర్రీకి విదేశముతో పనియేమి? విశాఖపట్టణము వరకు చేరిన చాలును.

ఐదుగురితో ఆగక ఊరే ఒక సంఘమైనచో? అండమాన్ నికోబార్ దీవులలోని కార్ నికోబార్, నాన్‌కౌరీ ప్రాంతములలో మొదటి నుండియు రసాయనములు వాడని 14,491 హెక్టారులకు ఒక్కుమ్మడిగా సేంద్రియ గుర్తింపు 2021లో వెల్లడియైనది. ఇట్టి విస్తార ప్రాంత ధ్రువీకరణలో గ్రామమును ఒక ముక్కగా లెక్కింతురు. ఊరి కంతకు మందు లేదని తేలినచో సంవత్సరముల నిరీక్షణ అక్కరలేదు. యూరియా బస్తా ఎన్నడును ఎక్కని కొండ ఊళ్లు మన మన్యములో ఉన్నవి. వానికి ఈ దారి తెరచియున్నదేమో వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుట పంచాయతీ పని.

అడుగుటకు ముందు చేతిలో కొంత సమాచారము ఉండవలెను. ఊరిలో కాఫీ గాని స్ట్రాబెర్రీ గాని వేసిన ప్రతి కమతము, దాని హద్దు, గత మూడు సంవత్సరములలో అందు వేసిన ఎరువు, కొట్టిన మందు, మొక్క వచ్చిన చోటు, ఇవి ఒక పుస్తకమున ఎక్కింపవలెను. ఊరి దుకాణమున అమ్ముడగు మందుల వివరము కూడ అందు చేర్చినచో చాలభాగము నిజము తెలియును. చదువు వచ్చిన యువతీయువకులు ప్రతి ఊర ఉన్నారు. మొదటిసారి వ్రాయుటకు పది పదునైదు దినములు చాలును.

కాఫీ ఊళ్లలో అన్నిటికంటె ముందు జరుగవలసినది ఏరుడు పని. కోతలు ముగిసిన వెంటనే, ఫిబ్రవరి, మార్చి నెలలలో గ్రామసభ దినములు నిర్ణయించి, ఏ తోట ఎవరు ఏరవలెనో, యజమాని లేని తోటకు కూలి ఏ పద్దు నుండి ఇయ్యవలెనో ముందే తీర్మానింపవలెను. చెట్ల క్రింద గోనెపట్టాలు పరచి కోసినచో రాలుడు తగ్గును. ఏరిన కాయలలో పురుగు పట్టిన వానిని మరగు నీటిలో రెండు మూడు నిమిషములు ముంచిన పిమ్మటనే ఎండబోయవలెను. దీనికి వీధి కొక పెద్ద కాగు, మూడు రాళ్ల పొయ్యి, కొంత కట్టె కావలెను. ఆ కాగు ఎవరి ముంగిట పెట్టవలెనను సంగతి కూడ ఆ సభలోనే తేల్చుకొనవచ్చును.